ఎలక్ట్రానిక్ ముక్కు కాన్సర్‌ను పసిగట్టగలదా?

బి.యస్సీ.లో కెమిస్ట్రీ చదివిన వారెవరికైనా సాల్ట్ అనాలిసిస్ ప్రాక్టికల్స్ గుర్తుండే ఉంటాయి. పొట్లం చేతికి రాగానే, రికార్డు తెరవకముందే, డిమాన్‌స్ట్రేటరు గారు అటు తిరిగి ఉన్నప్పుడు అందరం చేసిన మొదటి పని ఆ పొడిని ముక్కు దగ్గర పెట్టుకోవడం! ముక్కు అదిరిపోయిందా, అమ్మోనియం కార్బొనేట్. యాసిడ్ చుక్క వేయగానే కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టిందా, సల్ఫైడ్. వెనిగర్ వాసన వచ్చిందా, ఎసిటేట్. ఆ తరువాత తీరిగ్గా పరీక్షనాళికలు కడుక్కొని, ముందే తెలిసిపోయిన జవాబుకు దారి వెతుక్కొనేవాళ్ళం. అయితే వాసన చూసి రాసిన జవాబుకు మార్కులు పడవు. దానికి కన్ఫర్మేటరీ టెస్టు కావాలి. వాసన అనుమానం మాత్రమే చెబుతుంది, రుజువు చెయ్యదు. ఈ చిన్న సంగతిని పాఠక మిత్రులు కాస్త గుర్తుంచుకోవాలని మనవి. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మనిషి ఊపిరిని వాసన చూసి లోపలి జబ్బును కనిపెట్టడం కొత్త విద్య కాదు. మధుమేహం ముదిరి స్పృహ తప్పే స్థితికి వచ్చిన రోగి నోటి నుంచి పండిన పళ్ళ వంటి తియ్యని వాసన వస్తుంది. అది ఎసిటోన్ వాసన. మూత్రపిండాలు పనిచేయడం మానేస్తే ఊపిరిలో అమ్మోనియా ఛాయ కనిపిస్తుంది. కాలేయం పూర్తిగా చెడినప్పుడు బూజు పట్టినట్లుండే మరో రకం వాసన. ఎక్స్‌రేలూ రక్త పరీక్షలూ లేని రోజుల్లో డాక్టరుకు చెవి, చెయ్యి ఎంత ముఖ్యమో ముక్కూ అంత ముఖ్యం. మన భాషలో 'పసిగట్టడం' అన్న మాట ఉంది కదా. దానికి మొదటి అర్థం వాసన పట్టడమే!

మనం బయటికి వదిలే ఊపిరిలో ఏముంటుంది? హైస్కూలు పాఠం ప్రకారం నత్రజని 78 శాతం, ప్రాణవాయువు 16 శాతం, బొగ్గుపులుసు వాయువు 4 శాతం, నీటి ఆవిరి. పాఠం అక్కడితో ఆగిపోతుంది. అసలు కథ మొదలయ్యేదీ అక్కడే. 1971లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు (ఈ పౌలింగే 1954లో రసాయన శాస్త్రానికి, 1962లో శాంతికి నోబెల్ బహుమానాలు పొందిన మహానుభావుడు). ఊపిరిని బాగా చల్లబరచిన గొట్టం గుండా పంపి, అందులో చిక్కిన పదార్థాలను వేడిచేసి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రం గుండా నడిపించారు. సుమారు 250 రకాల పదార్థాలు బయటపడ్డాయి! తేలిగ్గా ఆవిరయ్యే కర్బన పదార్థాలు ఇన్ని మన ఊపిరిలో ఉన్నాయని అంతకుముందు ఎవరూ అనుకోలేదు.

ఇవి ఎక్కడి నుంచి వస్తాయన్నది తెలిస్తే మిగతా కథ తేలిక. ఊపిరితిత్తుల చివరన ఉండే వాయుగోణుల గోడలు చాలా పల్చన. గోడకు ఒక పక్క గాలి, రెండో పక్క రక్తం. ప్రాణవాయువు ఇటు నుంచి అటు పోయినట్లే, రక్తంలో కరిగి ఉండి ఆవిరయ్యే స్వభావం గల ప్రతి పదార్థమూ అటు నుంచి ఇటు కొంత వస్తుంది. రక్తం శరీరమంతా తిరుగుతుంది కనుక, ఎక్కడో కాలేయంలో పుట్టిన ఎసిటోన్ కూడా ముక్కులోంచి బయటపడుతుంది. కాన్సర్ కణాల జీవరసాయన వ్యాపారం మామూలు కణాల వంటిది కాదు. చక్కెరను వాడుకొనే తీరు వేరు, కొవ్వులను తయారుచేసుకొనే తీరు వేరు. కణపు పొరల్లోని కొవ్వులు ఆక్సీకరణం చెంది తెగిపోయినప్పుడు ఈథేన్, పెంటేన్ వంటి హైడ్రోకార్బన్లు పుడతాయి. కాబట్టి కాన్సర్ ఉన్న మనిషి ఊపిరికీ, లేని మనిషి ఊపిరికీ తేడా ఉండవచ్చునన్నది సహేతుకమైన ఊహ. 1985లో ఊపిరితిత్తుల కాన్సర్ రోగుల ఊపిరిని ఈ దృష్టితో పరిశీలించిన పరిశోధన వెలువడింది. 1999లో మైకేల్ ఫిలిప్స్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం, ఛాతీ ఎక్స్‌రేలో తేడా కనిపించిన 108 మంది ఊపిరిని పరీక్షించి, 22 పదార్థాల సమూహం కాన్సర్ ఉన్నవారిని లేనివారి నుంచి వేరుచేస్తున్నదని లాన్సెట్ పత్రికలో ప్రకటించింది.

ఇక్కడ ఒక్క మాట గమనించాలి. 22 పదార్థాల్లో ఏ ఒక్కటీ కాన్సర్‌కు మాత్రమే సొంతమైనది కాదు. ఆరోగ్యవంతుల ఊపిరిలోనూ అవన్నీ ఉంటాయి. తేడా అంతా పాళ్ళలోనే!

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో రాత్రిపూట స్కూటరు మీద వెళ్ళే మిత్రులకు ట్రాఫిక్ పోలీసులు నోటి ముందు పెట్టే యంత్రం పరిచయమే. ఆ తరహా యంత్రాన్ని 1954లో బోర్కెన్‌స్టీన్ అనే అమెరికన్ పోలీసు అధికారి తయారుచేశాడు. అప్పట్లో అందులో వాడింది మన లాబరేటరీ షెల్ఫులో ఉండే పొటాషియం డైక్రోమేటే. ఆల్కహాలు తగిలితే నారింజ రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది. "ఊపిరిలో మందు పట్టినప్పుడు కాన్సర్‌ను ఎందుకు పట్టలేరు?" అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే! తాగినవాడి విషయంలో వెతికేది ఒకే ఒక పదార్థం, దాని పేరు ముందే తెలుసు, పైగా అది దండిగా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములన్న మన చట్టపు హద్దు దగ్గరే ఊపిరిలో పది లక్షల పాళ్ళకు సుమారు 75 పాళ్ళ ఆల్కహాలు ఉంటుంది. కాన్సర్ విషయంలో చూసే పదార్థాలు సాధారణంగా వందకోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళు. ఒక్కోసారి అంతకన్నా తక్కువ. పైగా ఏది వెతకాలో ఒక్క పేరు చెప్పడానికి లేదు.

అలాంటప్పుడు మార్గమేమిటి? క్రొమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటరు జంట ఒక్కొక్క పదార్థాన్నీ విడదీసి పేరుపెట్టి చెప్పగలదు. కానీ అది ఖరీదైన యంత్రం, గదిలో కదలకుండా కూర్చొనే యంత్రం, నడపడానికి తర్ఫీదు పొందిన మనిషి కావాలి. తాలూకా ఆసుపత్రిలో పెట్టే వస్తువు కాదు. మరి మన ముక్కు ఏం చేస్తున్నది? వంటింట్లో కాఫీ కాస్తుంటే వీధి గదిలో పడుకున్నవాడికి 'కాఫీ' అని తెలుస్తుంది. కాఫీ వాసనలో వందల పదార్థాలున్నాయి. వాటిలో ఒక్కదాని పేరైనా పడుకున్నవాడికి తెలియదు! ముక్కు పదార్థాలను విడదీయదు, మొత్తం కలగలుపును ఒక ముఖంలాగా గుర్తుపడుతుంది. మన ముక్కులో సుమారు 400 రకాల గ్రాహకాలు ఉన్నాయి. ఒక్కో గ్రాహకం అనేక వాసనలకు స్పందిస్తుంది, ఒక్కో వాసన అనేక గ్రాహకాలను కదిలిస్తుంది. ఏవేవి ఎంతెంత కదిలాయన్న పట్టికే మెదడుకు చేరే సమాచారం. ఈ గ్రాహకాల కుటుంబాన్ని 1991లో కనుగొన్న లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమానం వచ్చింది.

విశేషమేమిటంటే ఆ కనుగోలుకు తొమ్మిదేళ్ళ ముందే, 1982లో, ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంలో కృష్ణ పెర్సాద్, జార్జి డాడ్ అనే ఇద్దరు ఇదే సూత్రం మీద ఒక నమూనా ముక్కును తయారుచేసి నేచర్ పత్రికలో ప్రకటించారు. వారు వాడినవి తక్కువ సంఖ్యలో టిన్ ఆక్సైడ్ సెన్సార్లు, అంటే ఏ ఒక్క వాయువుకూ ప్రత్యేకం కాని మామూలు సెన్సార్లు. ఏ సెన్సారూ తనంత తానుగా వాసనను గుర్తుపట్టలేదు. కానీ అన్నిటి స్పందనలనూ పక్కపక్కన పెట్టి నిష్పత్తులు చూస్తే వాసనలు వేరుపడ్డాయి. ఎలక్ట్రానిక్ ముక్కు వంశానికి మూలపురుషుడు ఇదేనని చెప్పవచ్చును.

టిన్ ఆక్సైడ్ సెన్సారు పనిచేసే తీరు మన సిలబస్ దాటి పోదు. మూడు నాలుగు వందల డిగ్రీలకు వేడెక్కించిన టిన్ ఆక్సైడ్ పొర మీద గాలిలోని ఆక్సిజన్ అంటుకొని, పొరలోని ఎలక్ట్రాన్లను లాక్కొని కూర్చుంటుంది. ఎలక్ట్రాన్లు తగ్గాయి కనుక పొర నిరోధం పెరుగుతుంది. ఇప్పుడు ఆల్కహాలో, హైడ్రోకార్బనో వచ్చిందనుకోండి. ఆ ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది, ఎలక్ట్రాన్లు తిరిగి పొరలోకి వస్తాయి, నిరోధం పడిపోతుంది. వంటగ్యాసు లీకైతే కూతపెట్టే పెట్టెల్లో ఉండేది ఈ జాతి సెన్సారే. ఇవిగాక, ఆవిరిని పీల్చుకొని ఉబ్బే పాలిమర్ పూతలున్నాయి, బరువు పెరిగితే కంపన వేగం తగ్గే క్వార్ట్జ్ బిళ్ళలున్నాయి. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ విద్యాసంస్థలో హోసామ్ హైక్ బృందం 2009లో బంగారు నానో కణాలతోనే ఇటువంటి సెన్సార్లు తయారుచేసింది. పద్ధతి ఏదైనా చివరకు చేతికి వచ్చేది ఒక అంకెల వరుస. 32 సెన్సార్లుంటే 32 అంకెలు.

ఆ అంకెల వరుసను చూసి ఇది కాన్సర్ గుంపుకు దగ్గరా, ఆరోగ్యవంతుల గుంపుకు దగ్గరా అని తేల్చడం గణితం పని. ఇక్కడ మనవాళ్ళ పాత్ర ఒకటుంది, చెప్పకుండా ముందుకు పోలేను. ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న అనేక కొలతలను లెక్కలోకి తీసుకొని రెండు గుంపుల మధ్య దూరం కొలిచే పద్ధతిని 1936లో ఇచ్చినవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. దానిని రెండుకు మించిన గుంపులకు విస్తరించి, కొత్తగా వచ్చిన మనిషిని ఏ గుంపులో వేయాలో చెప్పే పద్ధతిని 1948లో అభివృద్ధి చేసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు గారు. అప్పట్లో ఆయన లెక్కలు వేసింది మనుషుల శరీర కొలతల మీద, సూడాన్‌లో తవ్వి తీసిన ప్రాచీనుల ఎముకల మీద. ఈ రోజు ఎలక్ట్రానిక్ ముక్కుల సాఫ్ట్‌వేరులో తిరుగుతున్నది ఆ కుటుంబానికి చెందిన గణితమే. స్టాటిస్టిక్స్ డిపార్టుమెంటు మిత్రులు దీన్ని గర్వంగా చెప్పుకోవచ్చు!

ఇక ఫలితాలకు వద్దాం. 2003లో రోమ్ నగరంలో డి నటాలే బృందం 8 క్వార్ట్జ్ సెన్సార్లున్న ముక్కుతో 35 మంది ఊపిరితిత్తుల కాన్సర్ రోగుల ఊపిరిని పరీక్షించి, అందరినీ గుర్తుపట్టామన్నది. అంత పెద్ద మాటకు పత్రికలు ఊరుకుంటాయా! 2005లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 32 పాలిమర్ సెన్సార్ల ముక్కుతో మరో పరిశోధన జరిగింది. నాకు ఇది ఎక్కువ నచ్చింది. ఎందుకంటే యంత్రానికి ముందు కొందరి ఊపిరితో పాఠం చెప్పి, ఆ తరువాత అది ఎన్నడూ చూడని 76 మందితో పరీక్ష పెట్టారు. అందులో 14 మందికి కాన్సర్ ఉంది, 62 మందికి లేదు. 14 మందిలో 10 మందిని యంత్రం పట్టింది, నలుగురిని వదిలేసింది. 62 మందిలో 57 మందికి లేదని సరిగానే చెప్పింది, అయిదుగురికి లేని జబ్బు అంటగట్టింది. అంటే యంత్రం 'ఉంది' అన్న 15 మందిలో 10 మందికి నిజంగా ఉన్నట్లు. పిడికెడు సెన్సార్లకు ఇది చిన్న విజయం కాదు.

అయితే ఇదే యంత్రాన్ని తీసుకెళ్ళి ఒక మండలంలో ఊరూరా తిప్పామనుకోండి. కాగితం మీద లెక్క వేద్దాం. 10,000 మందిని పరీక్షించాం, వారిలో 50 మందికి కాన్సర్ ఉందనుకుందాం. యంత్రం సత్తా అంతే, ఏమీ తగ్గలేదు. 50 మందిలో 36 మందిని పడుతుంది, 14 మందిని వదిలేస్తుంది. మిగిలిన 9,950 మందిలో? క్లీవ్‌లాండులో 62కు అయిదుగురు కదా, ఆ లెక్కన ఇక్కడ సుమారు 800 మందికి 'ఉంది' అంటుంది! మొత్తం 836 మంది భయపడతారు. వారిలో నిజమైన రోగులు 36 మంది, అంటే ఇరవై ముగ్గురిలో ఒకరు. మిగతావారు అప్పు చేసి పట్నం వచ్చి సి.టి. స్కాన్ తీయించుకొని, కొందరు సూదితో ముక్క తీయించుకొని, ఏమీ లేదనిపించుకొని ఇంటికి వెళ్ళాలి. ఇక యంత్రం 'లేదు' అన్న మాట విని నిశ్చింతగా ఇంటికి పోయిన ఆ 14 మంది సంగతి చెప్పనక్కరలేదు. యంత్రం మారలేదు, గణితం మారలేదు. మారిందల్లా ఎదుట నిలబడిన జనం. "90 శాతం కచ్చితత్వం" అని పేపర్లో చదివినప్పుడల్లా, ఏ జనంలో అని అడగడం మరచిపోతుంటాం.

ఈ లోపం ఒక్క ముక్కుదే కాదని కూడా చెప్పాలి. అమెరికాలో 53 వేల మందికి పైగా ధూమపాన ప్రియులతో జరిగిన పెద్ద పరిశోధన 2011లో వెలువడింది. తక్కువ మోతాదు సి.టి. స్కాన్‌తో ఏటా పరీక్షిస్తే ఊపిరితిత్తుల కాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని తేలింది. కానీ స్కాన్‌లో అనుమానం వచ్చినవాటిలో 96 శాతం కాన్సర్ కాదు! కాబట్టి స్కాన్‌కు ముందో, వెనకో పెట్టడానికి ఒక చవకైన జల్లెడ ఉంటే బాగుండునన్న కోరిక న్యాయమైనదే. ఎలక్ట్రానిక్ ముక్కుకు నిజమైన ఉద్యోగం దొరికితే అక్కడ దొరకాలి.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి సొంత కారణం ఒకటుంది. మా పెద్దనాన్నగారు జీవితమంతా చుట్ట తాగిన మనిషి. దగ్గు పట్టుకుంది, బరువు తగ్గారు, ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. క్షయ అన్నారు. మా ప్రాంతంలో దగ్గు, మచ్చ, బక్కచిక్కిన మనిషి కలిస్తే ముందు తట్టేది క్షయే. డాక్టరు గారిని తప్పుపట్టడానికి లేదు. నూటికి తొంభై సార్లు ఆయన మాటే నిజమవుతుంది. ఆరు నెలలు బిళ్ళలు మింగారు. మచ్చ తగ్గకపోగా పెరిగింది. పట్నం తీసుకెళ్ళి ముక్క తీసి చూస్తే కాన్సర్, అదీ ఆపరేషను చేసే దశ దాటిపోయింది. మన దేశంలో ఏటా 70 వేలకు పైగా కొత్తగా బయటపడే ఊపిరితిత్తుల కాన్సర్లలో ఎక్కువ భాగం ఇలా ముదిరిన దశలోనే బయటపడుతున్నాయి. వారిలో ముందుగా క్షయ మందులు మింగివచ్చినవారు కొద్దిమంది కారు.

క్షయ మందులు ప్రారంభించే రోజున, కఫం పరీక్షతోపాటు, ఆయన చేత ఒక సంచిలోకి ఊపిరి ఊదించి ఉంటే? యంత్రం 'అనుమానం' అని ఉంటే ఆరు నెలలు ఆగకుండా ఆరు రోజుల్లో పట్నం వెళ్ళేవాళ్ళం. ఇక్కడ ఎదుట నిలబడినది పదివేల మంది ఆరోగ్యవంతులు కాదు, మచ్చ ఉన్న మనిషి, పొగ తాగిన మనిషి. ఇటువంటివారిలో కాన్సర్ పాలు ఎక్కువ గనుక క్లీవ్‌లాండ్ లెక్క ఇక్కడ కొంత చెల్లుతుంది. 1999లో ఫిలిప్స్ ఎంచుకున్నదీ ఇటువంటివారినే కదా.

చెల్లుతుంది అని ధైర్యంగా అనలేకపోవడానికి కారణాలు లేకపోలేదు. ఈ యంత్రానికి ఏం నేర్పామో అది నేర్చుకోదు, దానికి ఏది తేలికో అది నేర్చుకుంటుంది. రోగుల ఊపిరిని వార్డులో పట్టి, ఆరోగ్యవంతుల ఊపిరిని కాంటీన్‌లో పట్టారనుకోండి. యంత్రం నూటికి నూరు తెచ్చుకుంటుంది. అది నేర్చింది కాన్సర్ వాసన కాదు, ఫినాయిలు వాసన! పొగ తాగేవారి ఊపిరిలో బెంజీన్, టోలుయీన్ ఉంటాయి. రోగుల్లో పొగరాయుళ్ళు ఎక్కువైతే యంత్రం సిగరెట్టును పట్టి కాన్సర్‌ను పట్టానంటుంది. ఊపిరి నిండా తేమ, తేమకు పాలిమర్లు ఉబ్బుతాయి. సెన్సార్లు నెలలు గడిచేకొద్దీ మొద్దుబారుతాయి. పాతది తీసి కొత్తది పెడితే అది అచ్చం పాతదానిలా స్పందించదు. పైగా 32 అంకెలు, 14 మంది రోగులు! ఇన్ని అంకెలను ఇంత కొద్దిమందికి అతికించడం, నిరుటి ప్రశ్నపత్రం బట్టీపట్టిన విద్యార్థి వంటిది. నిరుటి పేపరే వస్తే ఫస్టుక్లాసు, మారితే సప్లిమెంటరీ. ఊపిరిని ఎలా పట్టాలి, ఎలా దాచాలి అన్నదానిపై ఐరోపా శ్వాసకోశ వైద్యుల సంఘం 2017లో ప్రమాణాలు ప్రకటించడానికి ఈ గందరగోళమే కారణం.

2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం అన్నవాహిక, జీర్ణాశయ కాన్సర్లకు అయిదు పదార్థాలను మాత్రమే పేరుపెట్టి కొలిచింది. వాటిలో మనకు తెలిసిన బ్యుటిరిక్ ఆసిడ్ ఒకటి. 335 మందిలో రోగులను 80 శాతం, కానివారిని 81 శాతం సరిగా చెప్పగలిగారు. వాడినది ముక్కు కాదు, మాస్ స్పెక్ట్రోమీటరు. అంకె తక్కువగా కనిపించినా, దేన్ని కొలిచారో తెలిసిన అంకె కనుక దీని మీదే నాకు గురి. ఇంతవరకు ఏ దేశంలోనూ ఎలక్ట్రానిక్ ముక్కు మాట మీద కాన్సర్ నిర్ధారించడం వైద్యుల నిత్యకృత్యం కాలేదు.

మరొక్క సంగతి. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరప్రాంతాల్లో ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం, అంటే చుట్ట మండే కొనను నోటిలోపల పెట్టుకొని పీల్చడం, ఈ ప్రాంతం వారికి తెలిసినదే. దానివల్ల అంగిట్లో వచ్చే కాన్సర్ మీద విశాఖ వైద్యులు ఎంతో కాలం క్రిందటే పరిశోధనలు చేశారు. అక్కడ ముక్కూ అక్కరలేదు, సెన్సారూ అక్కరలేదు. నోరు తెరవమని టార్చిలైటు వేస్తే కనపడుతుంది. వెయ్యడానికి మనుషులు కావాలి, అంతే.

ఊపిరితిత్తుల లోపలికి మాత్రం టార్చిలైటు పోదు. అందుకని ముక్కు కావాలి. కానీ క్లీవ్‌లాండులోనో, రోములోనో చదువుకున్న ముక్కు మన చుట్ట పొగను, బీడీ పొగను, కట్టెల పొయ్యి పొగను వాసన చూసి ఎరగదు. క్షయ రోగి ఊపిరి దానికి అంతగా పరిచయం లేదు. ఇక్కడ పనికిరావాలంటే ఇక్కడి ఊపిరితో మళ్ళీ అక్షరాభ్యాసం జరగాలి. మచ్చ ఉన్న ప్రతి మనిషి చేతా, మందు మొదలుపెట్టకముందు, అదే గదిలో, అదే వేళకు ఒక సంచి ఊదించాలి. ఏడాది తరువాత ఆ మచ్చ క్షయగా తేలిందా, కాన్సర్‌గా తేలిందా అన్నది ఆ సంచి నెంబరు పక్కన రాసిపెట్టాలి. దానికి కెమిస్ట్రీ వారు, ఫిజిక్సు వారు, స్టాటిస్టిక్సు వారు, మెడికల్ కాలేజీ వారు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. మన కాంపస్‌లో ఈ నలుగురి గదులకూ మధ్య దూరం ఎంతో, మహలనోబిస్ పద్ధతి లేకుండానే కొలవవచ్చు.